విశ్వాసానికి పునాది: అఖ్ల్, నఖ్ల్‌ల చర్చ

దివ్యఖుర్ఆన్ ‘అల్ బఖరా’ సూరాలో (2:260) హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) గురించి ఒక ప్రస్తావన ఉంది. మృతులను ఎలా బ్రతికిస్తావో చూపమని ఆయన తన ప్రభువును వేడుకుంటారు. నమ్మకం లేదా అన్న ప్రశ్నకు, నమ్మకం ఉన్నదనీ, మనసు కుదుటపడాలనే అడుగుతున్నాననీ విన్నవించుకుంటారు. అడిగినందుకు ఆయన మీద ఆగ్రహం కలగలేదు. నాలుగు పక్షుల ద్వారా ఆయనకు నిదర్శనం చూపబడింది. విశ్వాసి ప్రశ్నించవచ్చునా అన్న సందేహానికి ఈ ఒక్క ఆయత్ చాలు.

అయినా నేడు కళాశాలల్లో చదివే మన యువకులు రెండు మాటలు వింటున్నారు. ‘దీన్ నమ్మకానికి సంబంధించినది, ప్రశ్నించకు’ అని ఇంట్లో పెద్దలు అంటారు. ‘రుజువు లేనిదాన్ని నమ్మడం అజ్ఞానం’ అని బయట తోటివారు అంటారు. పైకి ఇవి ఎదురెదురు వాదాలు. లోతుగా చూస్తే రెండింటికీ మూలం ఒకటే: విశ్వాసమూ వివేచనా ఒకచోట ఇమడవన్న అభిప్రాయం. మన చరిత్ర ఈ అభిప్రాయాన్ని బలపరచదు. అఖ్ల్ అంటే మానవునికి అల్లాహ్ ప్రసాదించిన వివేచన. నఖ్ల్ అంటే ఖుర్ఆన్, హదీసుల రూపంలో పరంపరగా మనకు అందిన జ్ఞానం. ఈ రెండింటి సంబంధాన్ని గురించి మన విద్వాంసులు శతాబ్దాలపాటు చర్చించారు. ఆ చర్చలోని కొన్ని ఘట్టాలను ఇక్కడ పరిశీలిద్దాం.

బస్రా గోష్ఠి, బాగ్దాద్ దర్బారు

హిజ్రీ రెండో శతాబ్దం తొలిభాగంలో బస్రాలో హసన్ బస్రీ (రహ్మలై) విద్యాగోష్ఠి నుంచి వాసిల్ బిన్ అతా (మరణం హి. 131/క్రీ.శ. 748) విడిపోయాడని, అందువల్లనే అతని వర్గానికి ‘ముతజిలా’, అంటే వేరుపడినవారు, అన్న పేరు వచ్చిందని ప్రసిద్ధి. దైవం ఏకత్వం, దైవం న్యాయం అనే రెండు సూత్రాలపై వారు తమ సిద్ధాంతాన్ని నిర్మించారు. మంచి చెడులను బుద్ధి తనంతట తానే గుర్తించగలదని వాదించారు. అబ్బాసీల కాలంలో హునైన్ బిన్ ఇస్హాఖ్ వంటి అనువాదకుల కృషివల్ల గ్రీకు గ్రంథాలు అరబ్బీలోకి వచ్చాయి. అన్యమతాల పండితులతో జరిగిన వాదాలలో ఇస్లాం పక్షాన నిలిచి మాట్లాడినవారిలో ముతజిలా విద్వాంసులు ముందున్నారు. ఈ సేవను కాదనడం న్యాయం కాదు.

అయితే క్రీ.శ. 833లో ఖలీఫా మామూన్ ఈ చర్చను రాజ్యాధికారంతో ముడిపెట్టాడు. ఖుర్ఆన్ సృష్టించబడినదని ఒప్పుకోవాలని ఖాజీలనూ, హదీసువేత్తలనూ నిర్బంధించాడు. చరిత్రలో దీనికి ‘మిహ్నా’ అని పేరు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) ఒప్పుకోలేదు. చెరసాలలో ఉన్నారు, ఖలీఫా ముతసిమ్ కాలంలో కొరడా దెబ్బలు తిన్నారు. అల్లాహ్ గ్రంథం నుంచి గాని, ప్రవక్త (సల్లం) సున్నత్ నుంచి గాని ఒక ఆధారం చూపండని ఆయన పదే పదే అడిగారని చరిత్రకారులు రాశారు. గమనించవలసిన విషయం ఇది. వివేచన పేరు చెప్పుకొన్నవారు కొరడా పట్టారు. నఖ్ల్ పక్షాన నిలిచిన ఇమామ్ ఆధారం అడిగారు. ఖలీఫా ముతవక్కిల్ కాలంలో మిహ్నా ముగిసింది. కాని బలవంతంతో చేయి కలిపిన తర్కంపై సామాన్య ముస్లింలకు కలిగిన అనుమానం మాత్రం చాలాకాలం నిలిచిపోయింది.

ముగ్గురు అన్నదమ్ముల ప్రశ్న

అబుల్ హసన్ అష్అరీ (మరణం హి. 324/క్రీ.శ. 935-36) దాదాపు నలభై ఏళ్ల ప్రాయం వరకు ముతజిలా సిద్ధాంతంలోనే ఉన్నారు. ఆయన తన గురువు జుబ్బాయీని అడిగినట్లు చెప్పే ప్రశ్న ఒకటి ప్రసిద్ధం. ముగ్గురు అన్నదమ్ములలో ఒకడు విశ్వాసిగా, ఒకడు అవిశ్వాసిగా, ఒకడు పసివాడిగా మరణించారు. తనకు ఉన్నత స్థానం ఎందుకు లేదని పసివాడు అడిగితే, పెరిగి ఉంటే నీవు పాపివి అయ్యేవాడవు, నీ మేలు కోరే ముందుగా మరణమిచ్చామని సమాధానం రావాలి. అప్పుడు అవిశ్వాసి లేచి, నన్ను కూడా పసితనంలోనే ఎందుకు చంపలేదని అడిగితే ఏం చెప్పాలి? గురువు వద్ద జవాబు లేకపోయిందట.

ఈ సంభాషణ యథాతథంగా జరిగిందో లేదో గాని, అందులోని భావం లోతైనది. దేవుని న్యాయాన్ని మన తూకపురాళ్లతో తూచలేమని ఇక్కడ రుజువు చేసింది తర్కమే. బుద్ధికి గల హద్దును బుద్ధే చూపింది. అష్అరీ ముతజిలాను వదిలారు గాని వాదనాపద్ధతిని వదలలేదు. సున్నీ విశ్వాసాలను సమర్థించడానికి ఆ పద్ధతినే ఉపయోగించారు. ‘కలామ్’ శాస్త్రం సున్నీ మదర్సాలలో స్థిరపడడానికి ఆయన వర్గం ప్రధాన కారణమైంది.

ఇమామ్ గజాలీ: రెండు సంక్షోభాలు

ఈ చరిత్రలో అందరికన్నా ఎక్కువగా అపార్థానికి గురైనవారు ఇమామ్ గజాలీ (రహ్మలై). ఆయన హి. 450 (క్రీ.శ. 1058)లో తూస్‌లో జన్మించారు. నీషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ శిష్యరికం చేశారు. క్రీ.శ. 1091లో, ముప్పైమూడేళ్ల ప్రాయంలో, మంత్రి నిజాముల్ ముల్క్ ఆయనను బాగ్దాద్ నిజామియాలో ఆచార్యునిగా నియమించాడు. ‘తహాఫుతుల్ ఫలాసిఫా’లో ఇరవై అంశాలపై తత్త్వవేత్తలను ఖండించారు. లోకం అనాది అనడం, అల్లాహ్‌కు విడివిడి విషయాల జ్ఞానం లేదనడం, శరీరాలతో పునరుత్థానాన్ని నిరాకరించడం అనే మూడింటిని కుఫ్ర్‌గా నిర్ణయించారు.

దీన్ని బట్టి ఆయన వివేచనకే శత్రువని కొందరు రాస్తారు. వాస్తవం వేరు. గ్రహణాలను గురించి గణితవేత్తలు నిరూపించిన విషయాలను ధర్మం పేరుతో కాదనేవాడు ధర్మానికే హాని చేస్తున్నాడని అదే గ్రంథం ఉపోద్ఘాతంలో ఆయన హెచ్చరించారు. తర్కశాస్త్రంపై ‘మియారుల్ ఇల్మ్’ రాశారు. ఫిఖ్ సూత్రాల గ్రంథమైన ‘అల్ ముస్తస్ఫా’ను తర్క పరిచయంతో ప్రారంభించి, ఇది తెలియనివాని విద్యను నమ్మలేమన్నారు.

ఆయన ఆత్మకథ ‘అల్ మున్‌ఖిజ్ మినజ్జలాల్’ నిజాయితీకి గొప్ప ఉదాహరణ. అందులో రెండు సంక్షోభాలను వివరించారు. మొదటిది జ్ఞానానికి సంబంధించింది. నీడ కదలనట్లు కనిపిస్తుంది, కాని కదులుతూనే ఉంటుంది. నక్షత్రం దీనారంత కనిపిస్తుంది, కాని అది భూమికన్నా పెద్దదని గణితం చెబుతుంది. ఇంద్రియాలు ఇలా మోసగిస్తే బుద్ధిని మాత్రం ఎలా నమ్మాలి? దాదాపు రెండు నెలలు ఆయన ఈ అనుమానంలో కొట్టుమిట్టాడారు. దాని నుంచి బయటపడవేసింది ఏ వాదనా కాదనీ, అల్లాహ్ తన హృదయంలో ప్రసరింపజేసిన వెలుగు అనీ ఆయన రాశారు. ఆ వెలుగుతో ఆయనకు తిరిగి దక్కింది బుద్ధిపై నమ్మకమే. బుద్ధిని కాదనడానికి కాక, బుద్ధిని నిలబెట్టడానికే దైవానుగ్రహం అవసరమైందన్నమాట.

రెండో సంక్షోభం క్రీ.శ. 1095 నాటిది. అప్పటికి ఆయనకు రుజువుల కొరత లేదు. విద్యార్థులు, కీర్తి, దర్బారులో గౌరవం అన్నీ ఉన్నాయి. కాని తన బోధన అల్లాహ్ కోసం కాదు, పేరు ప్రతిష్ఠల కోసమని ఆయనకు తోచింది. ఆరు నెలలు ఊగిసలాడారు. చివరకు నాలుక మాట్లాడలేదు, ముద్ద మింగుడు పడలేదు. వ్యాధి మనసుకు సంబంధించిందని చెప్పి వైద్యులు చేతులెత్తేశారు. ఆయన పదవిని వదిలి డమాస్కస్‌కు, జెరూసలేంకు, తర్వాత హజ్‌కు వెళ్లారు. ఆరోగ్యమంటే ఏమిటో నిర్వచించడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరని ఆయన ఈ అనుభవం తర్వాతే రాశారు. మొదటి వ్యాధికి తర్కం ఎంతో కొంత ఉపకరించవచ్చు. రెండోదానికి ఆచరణ తప్ప వేరే మందు లేదు.

ఇబ్నె రుష్ద్ జవాబు

గజాలీ హి. 505 (క్రీ.శ. 1111)లో మరణించారు. పదిహేనేళ్లకు, 1126లో, అందలూసియాలోని ఖుర్తుబాలో ఇబ్నె రుష్ద్ జన్మించారు. ఆయన వైద్యుడు, ఖాజీ, ‘బిదాయతుల్ ముజ్తహిద్’ అనే ఫిఖ్ గ్రంథకర్త. ‘ఫస్లుల్ మఖాల్’లో ఆయన తత్త్వశాస్త్రాన్ని తత్త్వవేత్తగా కాక ఖాజీగా విచారించారు. దాన్ని చదవడం షరీఅత్ దృష్టిలో అనుమతించబడినదా, నిషిద్ధమా, విధా అన్నది ఆయన వేసుకున్న ప్రశ్న. సృష్టిని పరిశీలించమని ఖుర్ఆన్ ఆదేశిస్తున్నది కనుక, సామర్థ్యం గలవారికి అది విధి అని తీర్పు చెప్పారు. గ్రీకుల విద్య మనకెందుకు అన్న ఆక్షేపణకు ఆయన ఇచ్చిన దృష్టాంతం మన పాఠకులకు సులభంగా అర్థమవుతుంది. జబహ్ చేసే కత్తి సరిగా ఉందా లేదా అనే చూస్తాం గాని, దాన్ని చేసినవాని మతం అడగం కదా! సత్యం సత్యానికి విరుద్ధం కాజాలదు కనుక, రుజువైన విషయానికీ దైవవాణికీ వైరుధ్యం కనిపిస్తే ఆయత్ భావాన్ని మరింత లోతుగా గ్రహించాలన్నారు. గజాలీ ఖండనకు ‘తహాఫుతుత్తహాఫుత్’తో బదులిచ్చారు.

ఇద్దరి మధ్య ఒక ముఖ్య విషయంలో ఏకాభిప్రాయం ఉంది. సూక్ష్మ చర్చలను సామాన్యుల ముందు పెట్టకూడదని ఇద్దరూ భావించారు. గజాలీ చివరి గ్రంథం ప్రజలను కలామ్ నుంచి నివారించడానికే రాయబడింది. ఇబ్నె రుష్ద్ అయితే, ఇటువంటి విషయాలను అందరూ చదివే పుస్తకాలలో పెట్టారని గజాలీనే తప్పుపట్టారు. చదువు అందరికీ అందిన ఈ కాలంలో ఆ ఏర్పాటు సాధ్యం కాదు. నేడు ప్రశ్న ప్రతి ఇంటి గడపా తొక్కుతోంది. ఇక జవాబు మాత్రమే కొందరి దగ్గర దాగి ఉండడం ఎలా కుదురుతుంది?

అధికారం మరోసారి ఈ చర్చలో జోక్యం చేసుకుంది. 1109లో మురాబితుల పాలనలో ఖుర్తుబాలో గజాలీ ‘ఇహ్యా’ను తగులబెట్టారు. 1195లో మువహ్హిదుల పాలనలో ఇబ్నె రుష్ద్ తత్త్వగ్రంథాలను తగులబెట్టి, ఆయనను లూసేనా పట్టణానికి పంపివేశారు. తర్వాత క్షమించి పిలిపించారు గాని, 1198లో మరాకిష్‌లో ఆయన మరణించారు. భౌతికకాయాన్ని ఖుర్తుబాకు తరలిస్తున్నప్పుడు వాహనజంతువుకు ఒకవైపు శవపేటిక, రెండోవైపు సమతూకంగా ఆయన గ్రంథాలు ఉండడం తాను చూశానని ఇబ్నె అరబీ రాశారు. ఒక్క నగరంతో ముడిపడిన చరిత్రలో ఇరుపక్షాల గ్రంథాలూ మంటల పాలయ్యాయి. ఏ మంటా ఏ ప్రశ్ననూ పరిష్కరించలేదు.

తర్వాతి కాలం, మన దేశం

ఇబ్నె తైమియా (మరణం హి. 728/క్రీ.శ. 1328) గ్రీకు తర్కాన్ని తీవ్రంగా విమర్శించారు. సృష్టికర్తను గుర్తించే శక్తి మానవుని ఫిత్రత్‌లో, అంటే సహజ స్వభావంలోనే ఉన్నదన్నారు. అయినా నిర్దుష్టమైన అఖ్ల్‌కూ, ప్రామాణికమైన నఖ్ల్‌కూ వైరుధ్యం ఉండదని నిరూపించడానికే ఒక బృహద్గ్రంథం రాశారు. ఆయన కూడా డమాస్కస్ కోటలో ఖైదీగానే మరణించారు.

హిందూస్థాన్‌లో ముల్లా నిజాముద్దీన్ (మరణం 1748) పేరిట ప్రసిద్ధమైన దర్సె నిజామీలో తర్కానికి పెద్దపీట ఉండేది. షా వలీయుల్లాహ్ దెహ్లవీ (1703-1762) ‘హుజ్జతుల్లాహిల్ బాలిగా’లో షరీఅత్ ఆదేశాల వెనుక ఉన్న ప్రయోజనాలను వివరించారు. మన హైదరాబాదుకు కూడా ఈ చర్చలో పాత్ర ఉంది. 1888లో ఇక్కడ స్థాపించబడిన దాయిరతుల్ మారిఫ్ 1947లో ఇబ్నె రుష్ద్ రిసాలాలను ప్రచురించింది. 1929లో అల్లామా ఇఖ్బాల్ మద్రాసులోనూ, హైదరాబాదులోనూ ఉపన్యసించారు. దైవాస్తిత్వానికి తత్త్వవేత్తలు చెప్పే మూడు సంప్రదాయ రుజువులు నిలవవని ఒక విశ్వాసే ఆ ఉపన్యాసాలలో నిర్మొహమాటంగా ఒప్పుకున్నారు. ఆలోచననూ, అంతర్దృష్టినీ గజాలీ మరీ విడదీశారని కూడా విమర్శించారు.

ముగింపు

ఈ చరిత్ర నుంచి ఏం గ్రహించాలి? ప్రవక్తను ఎలా గుర్తించాలన్న ప్రశ్నకు గజాలీ ఇచ్చిన జవాబులో దీనికి సమాధానం ఉంది. కర్రను పామును చేసి చూపి, దాన్నిబట్టి పదికన్నా మూడు పెద్దదని ఎవరైనా అంటే ఆశ్చర్యపడతాను గాని లెక్కను అనుమానించను అన్నారాయన. అద్భుతం ఒక్కటే ఆయనకు చాలలేదు. వైద్యం కొంత తెలిసినవాడు మంచి వైద్యుణ్ణి ఎలా గుర్తిస్తాడో, ఖుర్ఆన్, హదీసులను అధ్యయనం చేసి, ఆ బోధను జీవితంలో పరీక్షించి చూసినవాడు ప్రవక్తను (సల్లం) అలా గుర్తిస్తాడన్నారు. అధ్యయనం బుద్ధి చేసే పని. పరీక్ష జీవితమంతా సాగేది. ఒకటి లేకుండా రెండోది పూర్తి కాదు.

కాబట్టి సందేహంతో వచ్చిన కుర్రవాణ్ణి ‘అడగకు’ అని కసరడం ఇమామ్ అహ్మద్ మార్గం కాదు, గజాలీ మార్గం అంతకన్నా కాదు. తెలిస్తే చెప్పాలి. తెలియకపోతే తెలిసినవారి దగ్గరకు తీసుకువెళ్లాలి. అతనితో కూర్చుని చదవాలి. తన అనుమానాలను దాచుకోకుండా పుస్తకంలో రాసిన ఇమామును మనం హుజ్జతుల్ ఇస్లాం, అంటే ఇస్లాంకు ప్రమాణం, అని పిలుచుకుంటున్నాం. అటువంటి సముదాయంలో ఒక పిల్లవాడు తన సందేహాన్ని దాచుకుని ఒంటరిగా బాధపడవలసి వస్తే, ఆ లోటు అతని ఈమాన్‌ది కాదు, మనది.