నగర పటం – చెత్త దారి

నగరాల చరిత్ర రాసేవాళ్ళు కోటల గురించి రాస్తారు, నవాబుల గురించి రాస్తారు, కట్టడాలకు రాళ్ళు ఏ కొండ నుంచి వచ్చాయో కూడా రాస్తారు. ఆ నగరం రోజూ తన ఇళ్ళలోంచి బయటపడేసిన చెత్తను ఎవరు ఎత్తారు, ఎక్కడికి మోశారు, ఆ దారి ఎవరు నిర్ణయించారు అన్న సంగతికి మాత్రం చరిత్రలో చోటు దొరకదు. ఆ దారిని పటాల ద్వారా వెతకడమే ఈ వ్యాసంలో నేను చేయదలచుకున్న పని. ఇవాళ ప్రతి పురపాలక సంఘమూ కంప్యూటర్ మీద నగర పటం పరిచి 'శాస్త్రీయంగా' చెత్త సేకరిస్తున్నామని చెప్పుకుంటోంది. శాస్త్రంతో నాకు పేచీ లేదు. పటం ఎవరి చేతిలో వుంది, ఎవరి అవసరం కోసం గీశారు అన్నదే నా ప్రశ్న.

ముందు ఆ శాస్త్రమేమిటో తెలుసుకోవాలి. వార్డు పటంలో ఇళ్ళు లెక్కపెడతారు. మన పట్టణాల్లో మనిషికి రోజుకు 200 నుంచి 600 గ్రాముల చెత్త వస్తుందని కేంద్ర ప్రభుత్వపు మాన్యువల్ అంచనా. మనిషికి 400 గ్రాములనుకుంటే వెయ్యిమంది వున్న బస్తీలో 400 కిలోలు. దీన్నిబట్టి ఎన్ని బండ్లు కావాలి, ఎన్ని ట్రిప్పులు తిరగాలి, ఏ సందులోకి ఆటో పోతుంది, ఎక్కడ తోపుడు బండే గతి అన్నవి తేలుస్తారు. చిన్న బండి ప్రతిసారీ ఊరవతలి డంపు దాకా పోతే సగం రోజు ప్రయాణానికే సరిపోతుంది. అందుకని మధ్యలో ట్రాన్స్‌ఫర్ స్టేషన్ పెడతారు. చిన్న బండ్లు అక్కడ దించుతాయి, పెద్ద లారీలు ఎత్తుకుపోతాయి. ఆ స్టేషన్ ఎక్కడ వుండాలన్నదే పటంలో కీలకమైన చుక్క.

ఈ లెక్కకు మూలమైన గణిత సమస్యల్లో ఒకదాన్ని 1960లో గువాన్ మెయిగు అనే చైనా గణితవేత్త ముందుకు తెచ్చాడు. పోస్ట్‌మన్ ప్రతి వీధీ కనీసం ఒకసారి నడిచి తిరిగి పోస్టాఫీసుకు చేరాలి, అతి తక్కువ నడకతో ఎలా చేరాలి? చెత్త బండి సమస్యా ఇదే. శ్రామికుడి కాళ్ళ దగ్గర మొదలైన ప్రశ్న అది. మన టెండరు కాగితాల్లోకి వచ్చేసరికి డీజిలు లెక్కగా మిగిలింది. చీపురు పట్టినామె రోజుకెంత దూరం నడుస్తుందో ఆ కాగితాల్లో వెతికినా దొరకదు.

పారిశుద్ధ్య పటం పుట్టుక కూడా గమనించదగ్గది. 1842లో ఇంగ్లండులో ఎడ్విన్ చాడ్విక్ శ్రామిక జనుల పారిశుద్ధ్యంపై నివేదిక ప్రకటించాడు. అందులో లీడ్స్ పట్టణ పటం వుంది. శుభ్రత కొరవడిన పేటలకు ఒక రంగు, కలరా సోకిన చోట్లకు ఇంకో రంగు వేశారు. రెండు రంగులూ శ్రామికుల పేటల మీదే కలిశాయి. మురికి వల్ల రోగం, రోగం వల్ల దరిద్రం వస్తున్నాయని చాడ్విక్ తేల్చాడు. కూలి రేట్లను ఆ లెక్కలోకి తేలేదు. 1834 నాటి పేదల చట్టం వెనకవున్న ముఖ్యుల్లో ఒకడు తేకపోవడంలో వింత లేదు. మూడేళ్ళకు, 1845లో, ఎంగెల్స్ మాంచెస్టర్ వీధులు నడిచి పుస్తకం రాశాడు. ధనికులు తమ ఇళ్ళ నుంచి వ్యాపార స్థలాలకు పోయే దారిలో శ్రామికుల మురికివాడలు కంటపడకుండా అంగళ్ళ వరసలు ఎలా అడ్డు నిలిచాయో చూపించాడు. ఒకే కాలం, ఒకే దేశం. ఒక పటం మురికిని చూపింది, రెండోది ఆ మురికిని సృష్టించిన సంబంధాన్ని చూపింది.

వలస పాలకులు మొదటి పటాన్నే మన దేశానికి తెచ్చారు. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. 1897లో అంటువ్యాధుల చట్టం, 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు వచ్చాయి. ఇరుకు పేటలను గుర్తించడం, కూల్చడం, రోడ్డు వేయడం ట్రస్టు పద్ధతి. హైదరాబాదులో 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టనపెట్టుకుంది. 1911లో ప్లేగు వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ దశకంలోనే లియొనార్డ్ మన్ నాయకత్వంలో నగరాన్ని వీధివీధినా కొలిచి పటాలు గీశారు. ఆ నైపుణ్యాన్ని నేను కాదనను. పాత నగరం ఎలా వుండేదో తెలుసుకోవాలంటే ఈనాటికీ ఆ పటాలే శరణ్యం. కాని ఇరుకు పేటలను తొలగించేటప్పుడు అక్కడి జనం కూలికి ఎంత దూరం నడవవలసి వస్తుందన్నది కొలతల్లోకి రాలేదు.

కులం మాత్రం పటంలోకి వచ్చింది, తన పేరు చెప్పకుండా వచ్చింది. పాత పట్టణాల్లో ఇళ్ళ వరసల వెనక ఒక సన్నని సందు వుంటుంది. పాకీవాళ్ళు ముందు గుమ్మంవైపు రాకుండా మరుగుదొడ్డి శుభ్రం చేసిపోవడానికి వేసిన దారి అది. సర్వేయరు దాన్ని రెండు గీతలుగా గీశాడు. ఆ రెండు గీతల మధ్య ఏ కులాలవాళ్ళు నడిచారో ఊరందరికీ తెలుసు. ఆ పని చేయించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. సందులు కొన్నిచోట్ల మూసుకుపోయాయి. చీపురు మాత్రం చేతులు మారలేదు.

ఇక మన కాలానికి వద్దాం. 1994లో సూరత్‌లో ప్లేగు బయటపడి వలస కూలీలు రైళ్ళెక్కి పారిపోయాకే పాలకులకు చెత్త గుర్తుకొచ్చింది. సుప్రీంకోర్టులో వ్యాజ్యం నడిచాక 2000లో నిబంధనలు వచ్చాయి. హైదరాబాదు చుట్టూ వున్న పురపాలక సంఘాలను 2007లో కలిపి మహానగరం చేశారు. చెత్తదీ మహానగరపు దారే అయింది. ఆటోనగర్ డంపు నిండాక నగరం చెత్తంతా ఈశాన్యపు అంచున వున్న జవహర్‌నగర్‌కు చేరింది. అక్కడ కోటి టన్నులకు పైగా చెత్త గుట్టగా పేరుకుంది. దాన్ని కప్పి పైన గడ్డి పెంచారు. కింద కారిన నల్లనీళ్ళు మల్కారం చెరువును, చుట్టుపక్కల బావులను పాడుచేశాయి. నగరంలో చోటు దొరకని పేదలు గుడిసెలు వేసుకున్న ప్రాంతం అది. పటం దృష్టిలో జవహర్‌నగర్ చెత్త దారి చివరి చుక్క. అక్కడి తల్లికి అది బిందె పెట్టుకునే చోటు.

ఇదే పటం పనివాళ్ళ చేతికి గడియారమై కూడా వచ్చింది. 2020 నాటికి చండీగఢ్‌లో పారిశుద్ధ్య కార్మికుల చేతులకు జీపీఎస్ గడియారాలు కట్టారు. ఎక్కడ నిలబడ్డారో, ఎంతసేపు ఆగారో తెరమీద కనబడేది. కార్మికులు నిరసన తెలిపారు. బండికి పెట్టిన పరికరం దారి చూపడానికని అనుకోవచ్చు. మనిషికి కట్టినదాన్ని ఏమనాలి? 2015 జులైలో తెలంగాణ పురపాలక కార్మికులు సమ్మెకు దిగినప్పుడు కొద్దిరోజుల్లోనే వీధులు కుళ్ళిపోయాయి. ఏ పటంలోనూ కనబడనివాళ్ళు పని ఆపిన తర్వాతే నగరానికి కనబడ్డారు.

పటంలో లేనివాళ్ళు ఇంకా వున్నారు. సంచి భుజాన వేసుకుని ప్లాస్టిక్కు, కాగితం, ఇనుము ఏరుకునేవాళ్ళకు ఏ సందులో ఏ రోజు ఏమి దొరుకుతుందో కంఠతా తెలుసు. వాళ్ళ తలలో వున్న పటానికి ఏ ఇంజనీరు పటమూ సాటిరాదు. పుణేలో 1993లో వాళ్ళు సంఘం పెట్టుకున్నారు. తర్వాత సహకార సంస్థగా ఏర్పడి 2008లో పురపాలక సంస్థతో ఒప్పందం మీద ఇంటింటి సేకరణ చేపట్టారు. 2016 నిబంధనలు చెత్త ఏరుకునేవాళ్ళను గుర్తించాలన్నాయి. గుర్తింపు కార్డు ఇవ్వడం తేలిక. దారి గీసేచోట కూర్చోబెట్టడానికే అధికారులకు మనసొప్పదు.

పటాలను కాల్చేయాలని నేను అనడం లేదు. చెత్త ఎత్తాలి, మోయాలి, లెక్క లేకుండా లక్షల ఇళ్ళ నగరంలో అది జరగదు. అయితే ఆ పటంలో మరికొన్ని గుర్తులు చేరాలి. ఊడ్చే మనిషి రోజుకు నడిచే దూరం, నీళ్ళు తాగడానికి, కాసేపు కూర్చోవడానికి, ఆడవాళ్ళు మరుగుదొడ్డికి వెళ్ళడానికి చోటు, ట్రాన్స్‌ఫర్ స్టేషన్ గోడకు ఆనుకున్న గుడిసెలు, డంపు కిందనున్న బావులు – ఇవన్నీ చేరాలి. చెత్త పుట్టిన పేటకు దానిలో ఎంత భాగం తిరిగి ఎరువుగా చేరవచ్చో కూడా చేరాలి. ఇవి గీయడం కష్టమేమీ కాదు, ఇప్పుడున్న యంత్రాలకు చిటికెలో పని. గీయమని అడగవలసింది ఎవరన్నదే మిగిలిన ప్రశ్న. చీపురు పట్టినవాళ్ళ సంఘాలూ, డంపు పక్క ఊళ్ళ జనమూ కలిసి అడిగిన రోజున ఆ పటం మారుతుంది. రచయితలుగా మనం చేయగలిగింది, వాళ్ళు నడిచిన దారిని నగర చరిత్రలో ఒక అధ్యాయంగా రాయడం.