పరదేశ పాఠాలు, మన పంతుళ్లు

మారేడ్‌పల్లితో సహా సికింద్రాబాదంతా ఇంగ్లీషువాళ్ల పాలనలో ఉన్న రోజుల్లో, హుస్సేన్‌సాగర్ అవతల నిజాం విద్యాశాఖను నడిపినవారు రాస్ మసూద్. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు, ఆక్స్‌ఫర్డ్ చదువు. 1922లో నిజాం ప్రభుత్వం ఆయన్ని పంపింది లండన్‌కు కాదు, జపాన్‌కు. తిరిగొచ్చి, 1923లో అక్కడి విద్యావిధానం మీద ఏకంగా పుస్తకమే వేశారు. సొంత భాషలో చదువుకుంటూనే ఒక ఆసియా దేశం ఎదగగలదని ఆయన కళ్లారా చూశారు. ఉస్మానియాలో అప్పటికే ఉర్దూ మాధ్యమం నడుస్తోంది కనుక జపాన్ దానికి మంచి సాక్ష్యమైంది. చిక్కల్లా ఒక్కటే: ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇళ్లలో వినపడేది తెలుగు, మరాఠీ, కన్నడం. జపాన్ పాఠం మనదాకా సగమే వచ్చింది.

1958లో దారి మారింది. మారేడ్‌పల్లి నుంచి లాలాగూడ, తార్నాక మీదుగా వెళ్తే తగిలే ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) అప్పట్లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్. బ్రిటిష్ కౌన్సిల్, ఫోర్డ్ ఫౌండేషన్ దన్నుగా నిలిచాయి. తొలినాళ్ల డైరెక్టరు, కన్నడ కవి వి.కె. గోకాక్ కూడా ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవారే. ఒకరిద్దరు సముద్రం దాటే బదులు ఆ విద్యనే ఇక్కడికి రప్పించాలన్నది ఆలోచన. వ్యాకరణ సూత్రాల వల్లెవేత పక్కన పెట్టి, పుస్తకం చేత్తో ఎత్తి ‘దిస్ ఈజ్ ఎ బుక్’ అని, గోడ మీది పటం చూపి ‘దట్ ఈజ్ ఎ మ్యాప్’ అని పలికించడం ఆ కాలపు పద్ధతి. క్లాసంతా ఒక్క గొంతుతో అనేది. ఒక్కడిని లేపి అడిగితే ఏం చెప్పేవాడన్నది వేరే సంగతి!

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 1980లలో బ్రిటన్ సాయంతో మొదలై, 1989 నుంచి విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, ఏపీపీఈపీ. పిల్లలు చేసి నేర్చుకోవాలి, జట్లుగా కూర్చోవాలి, పరిసరాలే బోధన సామగ్రి కావాలి, వాళ్లు చేసినవి గదిలో ప్రదర్శించాలి. ఇలా మొత్తం ఆరు సూత్రాలు. పల్లెటూరి టీచరు విమానం ఎక్కనక్కర్లేదు, టీచర్ సెంటర్‌కు వెళ్తే చాలు. కానీ శిక్షణ పైనుంచి కిందికి దిగేకొద్దీ పలచబడింది. తాడుకు బొమ్మలు వేలాడదీయడం తేలిక. ఐదు తరగతులకూ ఒక్కరే దిక్కయిన బడిలో జట్టుపని చేయించడం తేలిక కాదు. ఫలితాలు అంచనా కట్టడానికి ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వచ్చారు. నన్నడిగితే, ఆ ఆరు సూత్రాలకన్నా విలువైనది టీచర్ సెంటరే. పక్క ఊరి టీచరుతో కూర్చుని ‘ఈ పాఠం నువ్వెలా చెప్పావు?’ అని అడగడానికి అంతకుముందు చోటేదీ?

ఇప్పుడు ఫుల్‌బ్రైట్ కార్యక్రమంలో ఎంపికైన హైస్కూలు టీచర్లు ఆరు వారాలు అమెరికా యూనివర్సిటీలో చదివి, అక్కడి బళ్లలో కూర్చుని వస్తున్నారు. పంజాబ్ తన ప్రిన్సిపాళ్లను సింగపూర్‌కు, టీచర్లను ఫిన్లాండ్‌కు పంపింది. ఈ హడావిడిలో ఎదురు ప్రయాణం ఎవరి కంటా పడదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీవారు చుట్టుపక్కల ఊళ్ల చిన్న బళ్ల కోసం పాఠాలను అట్టముక్కల మీదికి ఎక్కించారు. తర్వాత ఏ అట్ట తీయాలో గోడ మీది నిచ్చెన పటం చూసి పిల్లే తెలుసుకుంటుంది. ఆ పద్ధతిని అధ్యయనం చేసినవారిలో జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లున్నారు.