పక్షా, వంటింటి సామానా?

మోడర్న్ ఆర్ట్ ఎగ్జిబిషన్‌కి వెళ్తే మనలో చాలామంది అనే మొదటి మాట, "ఇదేం బొమ్మండీ బాబూ, మా బుడ్డోడు కూడా గీస్తాడు" అని. నేనూ చాలాసార్లు అన్నాను. ఈ గొడవ ఒకసారి కోర్టు దాకా వెళ్ళిందని తెలిశాక మాత్రం కాస్త నోరు అదుపులో పెట్టుకుంటున్నా.

1926 అక్టోబర్‌లో బ్రాంకుషి అనే రుమేనియన్ శిల్పి చేసిన బొమ్మలు పారిస్ నుంచి ఓడలో న్యూయార్క్ చేరాయి. వాటిలో ఒకటి 'బర్డ్ ఇన్ స్పేస్'. సన్నగా, పొడుగ్గా, అద్దంలా మెరిసే కంచు రూపం. ముక్కు లేదు, రెక్కల్లేవు, ఈకల్లేవు. అప్పటి చట్టం ప్రకారం కళాఖండాలకి సుంకం లేదు. కానీ కస్టమ్స్ వాళ్ళకి అందులో పక్షి కనబడలేదు. డ్రాప్‌డౌన్‌లో సరైన ఆప్షన్ లేకపోతే మనం ఏదో ఒకటి నొక్కేస్తాం చూడండి, అలాగే దాన్ని వంటింటి సామాను, ఆసుపత్రి పరికరాల కేటగిరీలో పడేసి 40 శాతం సుంకం కట్టమన్నారు.

దాన్ని కొన్నాయన ఎడ్వర్డ్ స్టైకెన్ అనే ఫొటోగ్రాఫర్. సరే, కేసు నడిచింది. అడవిలో ఇది కనిపిస్తే పక్షి అనుకుని కాల్చేవారా అని కూడా అడిగారాయన్ని! లేదన్నాడు. పక్షిలా లేకపోయినా తనకి పక్షి అనే అనిపిస్తోందన్నాడు. మంచి మెకానిక్ కూడా కంచుని ఇలా నునుపు చెయ్యగలడు కదా అన్న ప్రశ్నకి ఎప్‌స్టీన్ అనే శిల్పి చెప్పిన జవాబు నాకు భలే నచ్చింది: నునుపు చెయ్యగలడు, కానీ ఆ రూపాన్ని ఊహించలేడు.

1928 నవంబర్‌లో తీర్పు బ్రాంకుషి వైపే వచ్చింది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెక్కడమే కళ కానక్కర్లేదని కోర్టు ఒప్పుకుంది.

ఇక్కడే నాకు అసలు సంగతి బోధపడింది. ఆ తీర్పు తేల్చింది "ఇది కళేనా" అన్నది మాత్రమే. ఎంత గొప్పదో తేల్చే పని చూసేవాళ్ళకే వదిలేసింది. మనం ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేస్తాం. నచ్చకపోతే అసలు కళే కాదంటాం. రేటు ఎక్కువైతే మహా గొప్పదంటాం.

ఫొటోలకీ ఇదే తంతు. "కెమెరా తీసింది, ఆయనేం చేశాడు?" అనేది పాత ప్రశ్నే. స్టైకెన్ 1904లో తీసిన ఓ చెరువు మీది వెన్నెల ఫొటో 2006లో 29 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయింది. 2022లో ఆయనదే 'ఫ్లాటైరన్' ఫొటోకి కోటీ 18 లక్షల డాలర్లు పలికింది. ఈ అంకెలు చూసి అబ్బో అనుకోవడం కూడా చూడటం కాదు. అదీ కస్టమ్స్ వాళ్ళ చూపే, కాకపోతే ఈసారి చీటీ మీద వేరే అంకె ఉంది.

అందుకే ఇప్పుడు అర్థంకాని బొమ్మ ముందు ఓ రెండు నిమిషాలు ఊరికే నిలబడుతున్నా. పక్కనున్న పేరూ, రేటూ తర్వాత చదువుతున్నా. అప్పటికీ నచ్చకపోతే నచ్చలేదని హాయిగా చెప్పేస్తా. కానీ "మా బుడ్డోడు గీస్తాడు" అనే ముందు ఒక్కటి అడుక్కుంటున్నా: గీస్తాడు సరే, ఊహిస్తాడా?