రాయలసీమ నేలలు - మృత్తికా శాస్త్ర విద్య

మృత్తికా శాస్త్రం అనగా నేల పుట్టుక, నిర్మాణం, సారం, నేలలో నీటి కదలికలను గూర్చి తెలిపే శాస్త్రం. వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో దీనిని వ్యవసాయ రసాయన శాస్త్రంతో కలిపి ఒకే విభాగంగా బోధిస్తారు. కర్నూలు, కడప ప్రాంతాలలో ఈ చదువుకు ప్రత్యేక ప్రాముఖ్యత ఉన్నది. ఇక్కడ పంట పండటం కురిసిన వానపై ఎంత ఆధారపడి ఉంటుందో, ఆ వానను నేల ఎన్నాళ్ళు నిలుపుకోగలదనే దానిపై కూడా అంతే ఆధారపడి ఉంటుంది.

నేలలు

నల్లమల, ఎర్రమల కొండల నడుమ ఉన్న కుందూ లోయలోను, దిగువన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పరిసరాలలోను నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. పత్తికొండ, రాయచోటి వైపు గ్రానైటు, నీస్ శిలల నుండి ఏర్పడిన ఎర్రనేలలు ఎక్కువ. వీటిలో చాలావరకు లోతు తక్కువ, గరుసు ఎక్కువ. భూగోళ పాఠ్యపుస్తకాలలో కనిపించే "రేగుర్" అనే పేరు తెలుగు "రేగడి" నుండి వచ్చినదే. ఆ పాఠం చదివే తెలుగు పిల్లలకు ఈ సంగతి చెప్పేవారు తక్కువ.

1975లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించిన వర్గీకరణ ప్రకారం లోతైన రేగడిని వెర్టిసాల్ అంటారు. తిరగబడటం అనే అర్థం గల లాటిన్ పదం దీనికి మూలం. ఈ నేలలోని మాంట్‌మొరిల్లొనైట్ జాతి బంకమన్ను తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. వేసవిలో ఏర్పడే నెర్రెలలోకి పైమట్టి జారి, తొలకరికి మళ్ళీ మూసుకుపోతుంది. ఆ విధంగా నేల తనను తానే కలియబెట్టుకుంటుంది. ఒక మీటరు లోతు గల రేగడి పైరుకు అందే నీటిని సుమారు 150 నుండి 200 మిల్లీమీటర్ల వరకు పట్టి ఉంచగలదు. గరుసు కలిసిన ఎర్రనేల అందులో సగం కూడా ఉంచలేదు. అందువలననే రేగడిలో వానలు వెనుకబట్టిన తరువాత కూడా నిలువ తేమతో శనగ, జొన్న పండుతాయి. ఎర్రనేలలో వేరుశనగ రెండు మూడు వారాల బెట్టకే వాడిపోతుంది.

అయితే రేగడికీ చిక్కులున్నాయి. హింగారి పైరు కొరకు ముంగారిలో బీడుగా ఉంచిన పొలంలో, పెద్దవానకు పైమట్టి కొట్టుకుపోతుంది. వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు వేయడం, జనుము, పిల్లిపెసర వంటి పైర్లు వేసి కలియదున్నడం దీనికి నివారణలు.

విద్యాసంస్థలు

నంద్యాలలో 1906లో నెలకొల్పిన వ్యవసాయ పరిశోధనా స్థానం ఈ ప్రాంతంలో పాతది. "నరసింహ" పత్తి రకం ఇక్కడిదే. ఇది ప్రస్తుతం అల్ప వర్షపాత మండలానికి ప్రాంతీయ కేంద్రం. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల 1961లోను, మహానంది వ్యవసాయ కళాశాల 1991లోను ప్రారంభమయ్యాయి. ఇవన్నీ 1964లో ఏర్పడి, 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పొందిన విశ్వవిద్యాలయం క్రిందివి. కడప జిల్లా ఊటుకూరులో కూడా ఈ విశ్వవిద్యాలయపు పరిశోధనా స్థానం ఉన్నది. 2022 జిల్లాల విభజన తరువాత నంద్యాల, మహానంది రెండూ నంద్యాల జిల్లాలో చేరాయి.

బి.ఎస్సీ. వ్యవసాయం నాలుగేళ్ళ కోర్సు. ఇందులో మృత్తికా శాస్త్రం ఒక భాగం మాత్రమే. ప్రత్యేకంగా చదవదలచినవారు తరువాత రెండేళ్ళ ఎం.ఎస్సీ., ఆపై పిహెచ్.డి. చేయాలి. ప్రయోగశాలలో ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం కొలవడం నేర్పుతారు. అంతకన్నా విలువైనది పొలంలో నిలువు గొయ్యి తవ్వి, పొరపొరకూ మారే రంగు, బంక, సున్నపు గుళికలను పరిశీలించే పాఠం.

చౌడు సమస్య

కర్నూలు-కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించగా, 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసింది. నీరు వచ్చిన చోట కరువు తగ్గినది కాని, మురుగు పోయే దారిలేని పల్లపు రేగడిలో చౌడు తలెత్తుతుంది. లవణ పరిమాణం మీటరుకు 4 డెసిసీమెన్లు మించితే పాలచౌడు అంటారు. ఉదజని సూచిక 8.5 దాటి, మారక సోడియం 15 శాతం మించితే కారు చౌడు అంటారు. పాలచౌడును మంచినీటితో కడిగితే సరిపోతుంది. కారు చౌడుకు ముందు జిప్సం వేయాలి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తొలగించిన తరువాతనే కడగాలి. ఈ తేడా తెలియక కేవలం నీళ్ళు పెట్టినచో కారు చౌడు మరింత గట్టిపడుతుంది. రెండింటికీ మురుగు కాలువ తప్పనిసరి.

భూసార పరీక్ష

2015 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన భూసార కార్డులలో 12 అంశాలు ఉంటాయి. వాటిలో నేల లోతు గాని, నీటిని పట్టి ఉంచే శక్తి గాని లేవు. మాగాణికి ఇది పెద్ద లోపం కాదు. మెట్ట రైతుకు మాత్రం ముందుగా తెలియవలసినవి ఆ రెండే. మూరెడు లోతున రాయి తగిలే చేనుకు, నిలువెత్తు రేగడికి కార్డు ఒకే ఎరువు మోతాదు చెప్పే అవకాశం ఉన్నది.

పరీక్షకు మట్టిని గట్ల దగ్గర, చెట్ల నీడన, పెంటకుప్పలు వేసిన చోట తీయరాదు. చేనులో ఎనిమిది, పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలను మాత్రమే ఉంచుతూ చివరకు అరకిలో మిగుల్చుతారు. చౌడు ఉన్నట్లు అనుమానముంటే ఒక మీటరు లోతు వరకు పొరలవారీగా వేర్వేరు నమూనాలు తీయాలి.