పల్లకి ఎక్కిన నేరం: హిమాలయ కొండ పట్టణాల చరిత్రలో శిల్పకార్లు

మా నాయన పెళ్లి ఊరేగింపు రచ్చబండ దాకా బాగానే వచ్చిందట. అక్కడికి రాగానే డప్పులు ఆగిపోయినయి. పెళ్లికొడుకు బండి దిగి, చెప్పులు చేతబట్టుకొని, నాలుగిళ్లు దాటేదాకా నడిచి, మళ్లీ ఎక్కాడు. దిగమని ఆ రోజు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండా ఎప్పుడో చేసిపెట్టారు. ఈ సంగతి మా అమ్మ నవ్వుతూనే చెప్పేది. విశ్వవిద్యాలయంలో చేరి, కారంచేడు మీద చదువుకుంటూ పాత పత్రికలు తిరగేస్తున్నప్పుడు కఫల్టా అనే పేరు మా కంటబడింది. ఎక్కడో హిమాలయాల్లో అల్మోరా జిల్లాలోని ఊరు. కారంచేడుకి ఐదేళ్ల ముందు, 1980 మే 9న, అక్కడ పెళ్లికి వచ్చిన 14 మంది దళితుల్ని చంపారు. ఎందుకంటే పెళ్లికొడుకు పల్లకి దిగలేదు.

ఈ వ్యాసం అప్పటినించి మాలో మెదులుతున్నదే. ఈనాటి ఉత్తరాఖండ్‌లో కుమావూన్, గఢ్వాల్ ప్రాంతాల చిన్న పట్టణాల గురించి పుస్తకాలకేం కొదవ లేదు. యాత్రికుల కోసం రాసినవి, తెల్లదొరల వేసవి విడిదుల గురించి రాసినవి, స్వాతంత్ర్యోద్యమం గురించి రాసినవి చాలా ఉన్నాయి. వాటిలో దేవదారు చెట్లుంటాయి, గుళ్లుంటాయి, మంచు శిఖరాలుంటాయి. ఆ గుళ్ల రాళ్లు చెక్కినవాళ్లు, ఆ ఇళ్ల దూలాలు ఎత్తినవాళ్లు, ఆ దేవుళ్ల ముందు డోలు కొట్టినవాళ్లు మాత్రం ఎక్కడో అధోజ్ఞాపికలో ఉంటారు. మేం నాలుగు ఊళ్లనే తీసుకుంటున్నాం. అల్మోరా, బాగేశ్వర్, పౌడీ, సల్ట్. 2011 లెక్కల్లో అల్మోరా జనాభా 35 వేలకు అటూ ఇటూ, పౌడీ 25 వేలకు దగ్గర, బాగేశ్వర్ పది వేలలోపు. సల్ట్ అయితే పట్టణమే కాదు. మౌలేఖాల్ అనే చిన్న బజారు చుట్టూ ఉన్న పల్లెల సముదాయం. మన లెక్కన ఇవి సంత ఊళ్లు, అంతే.

ముందు పేరు సంగతి చూద్దాం. ఆ కొండల్లో జనం రెండే రెండు ముక్కలు. బిఠ్ అంటే బ్రాహ్మణ, రాజపుత్రులు. మిగిలినవాళ్లందర్నీ కలిపి డోమ్ అన్నారు. అదొక కులం పేరు కాదు, తిట్టు. కమ్మరి, కంచరి, తాపీ పనివాడు, వడ్రంగి, గానుగవాడు, బుట్టలల్లేవాడు, డోలు వాయించేవాడు, అందరూ ఆ ఒక్క మాట కిందికే వచ్చారు. మనకిది వింతగా ఉంటుంది. మన దగ్గర కమ్మరి, కంచరి, వడ్రంగి జంధ్యం వేసుకొని విశ్వబ్రాహ్మణులమంటారు. ఆ కొండల్లో అదే సుత్తి, అదే కొలిమి పట్టుకున్నవాడు అంటరానివాడు. అంటే అంటు అనేది పనిలో లేదు, చచ్చిన గొడ్డులోనో తోలులోనో లేదు. ఎవరు ఎవర్ని లొంగదీసుకున్నారన్న దాంట్లో ఉంది. వృత్తి వల్లే అంటరానితనం వచ్చిందని పాఠాలు చెప్పేవాళ్లు ఒకసారి కుమావూన్ పోయి చూడాలి.

అల్మోరా 16వ శతాబ్దంలో చంద్ రాజులు కట్టుకున్న రాజధాని. సముద్ర మట్టానికి 1,600 మీటర్లకు పైన, గుర్రపు జీను ఆకారంలో ఉన్న ఒక కొండ గట్టు మీద పరుచుకున్న ఊరు. 1790లో గూర్ఖాలు పట్టుకున్నారు, 1815లో కుంపిణీ చేతికొచ్చింది. కుంపిణీ తరఫున చాలాకాలం కమిషనర్‌గా ఉన్న ట్రెయిల్ 1828లో అచ్చైన నివేదికలో ముందటి పాలనల శిక్షల గురించి రాశాడు. రాజపుత్రుడిదో బ్రాహ్మణుడిదో హుక్కాని తెలిసి వాడుకున్న డోమ్‌కి మరణశిక్ష అట. తెల్లవాడు వచ్చి ఆ శిక్షనైతే తీసేశాడు. హుక్కాని మాత్రం ఎవరి చేతిలో ఉన్నదాన్ని వాళ్ల చేతిలోనే ఉంచాడు. భూమి పట్టాలు కూడా అంతే. బ్రాహ్మణుడు నాగలి ముట్టుకుంటే కులం చెడుతుంది గనక, దున్నడానికి హలియా కావాలి. అప్పు కింద తరతరాలు దున్నే పాలేరు అతను. నాగలి చేసేది శిల్పకార్, దాన్ని పట్టి దున్నేది శిల్పకార్, పండిన గింజ మాత్రం నాగలి ముట్టుకోనివాడిది.

అల్మోరాలోనే తమ్టాల వాడ ఉంది. వాళ్లు రాగి పని కంచరులు. రాగి బిందెలు, గాగర్లు, గుళ్లకి కావాల్సిన గంగాళాలు, ఊరేగింపుల్లో ఊదే పొడవాటి కొమ్ములు వీళ్ల చేతి పనే. చుట్టుపక్కల కొండల్లో రాగి గనులుండేవి. రాగి పని చేతిలో ఉండబట్టి తమ్టాలకు కాస్త నగదు కళ్లబడింది, బజారులో నిలబడే చోటు దొరికింది. ఉద్యమం ఇక్కణ్నించే మొదలు కావడం మాకు ఆశ్చర్యమనిపించదు. వట్టి పాలేరుతనంలో ఉన్నవాడికి సభ పెట్టుకునే తీరిక ఎక్కడిది? హరిప్రసాద్ తమ్టా (1887-1960) మొదట తమ్టాల సంస్కరణ సభ పెట్టాడు. తర్వాత దాన్ని ఒక్క కులానిది కాకుండా అన్ని చేతివృత్తులవాళ్లకూ విస్తరించి కుమావూన్ శిల్పకార్ సభ చేశాడు. 1934లో అల్మోరా నించి ‘సమతా’ పత్రిక తెచ్చాడు. ఆ పత్రికకి లక్ష్మీదేవి తమ్టా అనే దళిత స్త్రీ సంపాదకత్వం వహించింది. ఈ సంగతి మన పత్రికా చరిత్రకారులు ఒక్కసారి రాసుకోవాలి. హల్ద్వానీ వైపు ఖుషీరామ్ ఊరూరా తిరిగి డోమ్ అన్న మాట వద్దు, శిల్పకార్ అనండి అని పోరాడాడు.

ఈ పేరు పోరాటం మనకు కొత్త కాదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభలో పంచములం కాదు, ఆది ఆంధ్రులం అన్నారు. ఒకరికొకరు తెలియకుండానే దేశం రెండు కొసల్లో ఒకే పని జరుగుతోంది. కాని తేడా గమనించాలి. మనవాళ్లు ‘ఆది’ అని నేల మీద హక్కు అడిగారు. కొండవాళ్లు ‘శిల్పకార్’ అని శ్రమ మీద గౌరవం అడిగారు. ఇందులో ఏది గొప్ప అని మేం తేల్చబోవడం లేదు. ఎవరి చేతిలో ఏముంటే దాన్నే పేరు చేసుకుంటారు.

1913లో లాలా లజపతిరాయ్ నైనితాల్ దగ్గర సున్‌కియాకి వచ్చి శుద్ధి జరిపించినప్పటినించి ఆర్యసమాజం ఈ కథలోకి వచ్చింది. శిల్పకార్లు జంధ్యాలు వేసుకున్నారు, పేరు చివర ఆర్య అని పెట్టుకున్నారు. ఇది మాకు మింగుడుపడే సంగతి కాదు. 1927లో మహాడ్‌లో మనుస్మృతి తగలబెట్టిన వారసత్వంలోంచి చూస్తే జంధ్యం సంకెలే. అయినా ఒక మాట చెప్పాలి. ఆ దారప్పోగు వేసుకున్నందుకు దెబ్బలు తిన్నది వాళ్లు, మేం కాదు. విశ్వవిద్యాలయంలో కూర్చుని ‘సంస్కృతీకరణ’ అని ఒక్క మాటతో కొట్టేయడం తేలిక.

ఇక బాగేశ్వర్. సరయూ, గోమతి కలిసేచోట బాగ్‌నాథ్ గుడి, మకర సంక్రాంతికి ఉత్తరాయణి తిరునాళ్ల. టిబెట్‌తో బేరం చేసే భోటియాలు ఉన్ని తెచ్చేవాళ్లు, కంచరులు రాగి పాత్రలు తెచ్చేవాళ్లు. 1962 యుద్ధంతో ఆ టిబెట్ దారి మూతబడింది. ఈ ఊరు చరిత్రకెక్కింది 1921 జనవరి 14న. సర్కారు దొరల సామాను వెట్టికి మొయ్యాలన్న కూలీ బేగార్‌కి వ్యతిరేకంగా వేలాదిమంది చేరి, బద్రీదత్ పాండే వంటి నాయకుల పిలుపుతో, కూలీల పేర్లున్న రిజిస్టర్లని సరయూ నదిలో విసిరేశారు. గాంధీ దీన్ని రక్తం చిందని విప్లవమన్నాడు. గొప్ప పనే. మేం కాదనం.

కాని ఆ రిజిస్టర్లలో ఎవరి పేర్లున్నాయి? సర్కారు వెట్టి భూమి బందోబస్తుకి కట్టిపడేసింది. భూమి హక్కున్న గ్రామస్థుడే దానికి బాధ్యుడు. బ్రాహ్మణుడు, రాజపుత్రుడు తెల్లవాడి పెట్టె నెత్తిన పెట్టుకోవడంలో ఉన్న అవమానమే ఆ కోపానికి సగం ఊపిరి. భూమి లేని శిల్పకార్ చేసే వెట్టి వేరు. ఊరి పెద్ద ఇంట పెళ్లికి డోలు కొట్టాలి, చావుకి కొట్టాలి, పొలం దున్నాలి, ఇల్లు మెత్తాలి. పంట చేతికొచ్చినప్పుడు విదిల్చినంత తీసుకోవాలి. ఈ వెట్టి ఏ రిజిస్టర్‌లోనూ రాసి లేదు. రాయని దాన్ని ఏ నదిలో విసరాలి? మన దగ్గర వెట్టికి వ్యతిరేకంగా పోరాడిన చరిత్రల్లో కూడా ఈ ప్రశ్న అడగాల్సే ఉంది. దొరకి చేసిన వెట్టి పుస్తకాలకెక్కింది. ఊరికి చేసిన వెట్టి ఆచారం అనిపించుకుంది.

అదే బాగేశ్వర్ ఇప్పుడు జిల్లా కేంద్రం, 1997 నించి. ఆ జిల్లాలోనే 2016 అక్టోబర్‌లో పిండిమర తాకి మైల చేశాడని ఒక దళితుణ్ని నరికి చంపారు. చంపాడన్న ఆరోపణ వచ్చింది ఒక బడిపంతులు మీద.

పౌడీ గఢ్వాల్ వైపు ఊరు. ఎదురుగా మంచుకొండల వరస బారులు తీరి కనిపిస్తుంది. 1932 సెప్టెంబర్ 6న గవర్నర్ మాల్కం హేలీ అక్కడ దర్బారు తీర్చాడు. రాజభక్తులు స్వాగతం చెబుతుండగా జనం మధ్యలోంచి ఒక మనిషి లేచి మువ్వన్నెల జెండా విప్పి గవర్నర్ వెళ్లిపోవాలని నినాదమిచ్చాడు. పేరు జయానంద భారతి (1881-1952), అర్కండాయి ఊరి శిల్పకార్. పట్టుకొని జైల్లో వేశారు. ఇంతవరకు పౌడీలో చాలామందికి తెలుసు. ఆ జెండా పట్టిన మనిషి అంతకు దాదాపు పదేళ్ల ముందునించీ తన ఊళ్లలో ఏం అడుగుతున్నాడో అంతగా చెప్పరు. తన జనం పెళ్లికూతుర్ని డోలీలో, పెళ్లికొడుకుని పల్లకిలో తీసుకుపోనివ్వమని అడుగుతున్నాడు.

మైదానంవాళ్లకి పల్లకి విలాసం. కొండదారుల్లో బండి నడవదు, డోలీ అవసరం. మన పాడేరు మన్యంలో రోడ్డు లేని గూడేల నించి నిండు చూలాళ్లని డోలీ కట్టి మోసుకొచ్చే వార్తలు చదువుతూనే ఉన్నాం గదా. గఢ్వాల్‌లో ఆ డోలీని చెక్కేది శిల్పకార్, భుజాన మోసేది కూడా శిల్పకారే. ఎక్కితే మాత్రం నేరం. 1920లలో ఎక్కిన చోటల్లా బరాతుల్ని అడ్డగించారు, పల్లకీలు విరగ్గొట్టారు, నగలు దోచుకున్నారు. కోర్టులకెక్కారు, ఉత్తర్వులు తెచ్చుకున్నారు. ఉత్తర్వు కాగితం పెళ్లివారితో పాటు నడిచేది, దెబ్బలు కూడా నడిచేవి. చివరికి 1941లో గాంధీ గఢ్వాల్‌లో వ్యక్తి సత్యాగ్రహాన్ని నిలిపేయమన్నాడు. దళితుల పల్లకి ఆపేవాళ్లకి సత్యాగ్రహం చేసే అర్హత లేదన్నది ఆయన లెక్క. అగ్రవర్ణ నాయకులు ఉరుకులు పరుగుల మీద హామీలిచ్చారు, సత్యాగ్రహం మళ్లీ మొదలైంది. గాంధీని మేం చాలా విషయాల్లో ఒప్పుకోం. ఈ ఒక్కచోట ఆయన పెట్టిన ఒత్తిడి సరైందే. ఒత్తిడి తీసేసిన వేగమే మాకు అనుమానం. హామీ ఇచ్చింది పట్టణంలో నాయకులు, దారి కాసేది పల్లెలో ఊరు.

1947లో సంయుక్త రాష్ట్రాల శాసనసభ సాంఘిక అశక్తతల తొలగింపు చట్టం చేసింది, 1950లో రాజ్యాంగం వచ్చింది, 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం. ఇన్నీ అయ్యాక సల్ట్ దగ్గరికి రావాలి. 1942 సెప్టెంబర్ 5న సల్ట్‌లోని ఖుమాడ్‌లో తెల్లవాళ్ల కాల్పులకి జనం చనిపోయారు. గాంధీ ఈ ప్రాంతాన్ని కుమావూన్ బార్డోలీ అన్నాడని గర్వంగా చెప్పుకుంటారు. అదే సల్ట్‌లో కఫల్టా ఉంది.

1980 మే 9న లోహార్ల పెళ్లి బృందం కఫల్టా మీదుగా పోతోంది. ఊళ్లో బద్రీనాథ్ గుడి ఉంది, పెళ్లికొడుకు దిగి నడవాలన్నారు. గుడి ఊరి చివర ఉంది, దాని ముందుకొచ్చాక దిగుతాడులే అని పెళ్లివాళ్లన్నారు. సెలవు మీద వచ్చిన ఒక అగ్రవర్ణ సైనికుడు పల్లకి లాగి పడేశాడు, పెనుగులాటలో అతను చనిపోయాడు. ఊరు ఊరంతా లేచింది. పెళ్లివాళ్లు పారిపోయి ఆ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క దళితుడి ఇంట్లో దాక్కుని తలుపు వేసుకున్నారు. ఇంటి కప్పు పగలగొట్టి లోపలికి మంట వేశారు. ఆరుగురు లోపల కాలిపోయారు. కిటికీలోంచి దూకినవాళ్లని పొలాల్లో తరిమి రాళ్లతో, కర్రలతో చంపారు, ఎనిమిది మంది. కేంద్ర హోంమంత్రి జైల్‌సింగ్ వచ్చి చూసి పోయాడు. సెషన్స్ కోర్టు కొట్టేసింది, హైకోర్టు కొట్టేసింది. 1997లో సుప్రీంకోర్టు 16 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 17 ఏళ్లు. చుండూరు తీర్పులు చూసినవాళ్లకి ఈ లెక్క అర్థమవుతుంది. అక్కడ కింది కోర్టు 2007లో శిక్ష వేస్తే హైకోర్టు 2014లో అందర్నీ వదిలేసింది.

1994లో వెనుకబడిన తరగతులకు 27 శాతం రిజర్వేషన్ కొండలకీ వర్తిస్తుందనగానే పౌడీ, అల్మోరా బజార్లు భగ్గుమన్నాయి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఆ మంటలోంచే పైకొచ్చింది. ఖటీమా, మస్సూరీ, రాంపూర్ తిరాహాల్లో పోలీసులు చేసిన దుర్మార్గం ఎవరూ మరువలేనిది. కాని రిజర్వేషన్ వ్యతిరేక నినాదాలు మోగిన బజారులో నిలబడ్డ శిల్పకార్ ఆ రాష్ట్రాన్ని తన రాష్ట్రమని ఎలా అనుకుంటాడు? 2000 నవంబర్ 9న రాష్ట్రం వచ్చింది. 2011 లెక్కల ప్రకారం అందులో దళితులు దాదాపు 19 శాతం. ఆ పదేళ్లలో అల్మోరా, పౌడీ జిల్లాల జనాభా పెరగకపోగా తగ్గింది. జనం మైదానాలకి దిగిపోతున్నారు, పల్లెలు పాడుబడుతున్నాయని పత్రికలు రాస్తున్నాయి. పాడుబడ్డ ఇళ్ల బొమ్మలు చూసినప్పుడల్లా ఆ రాయి చెక్కినవాడి ఇల్లు ఎటుపక్కన ఉండేదో మేం వెతుకుతాం. బొమ్మలో అది ఉండదు.

రోడ్లు పడ్డాయి, పల్లకీల పని చాలావరకు జీపులు తీసుకున్నాయి. 2022 మే నెలలో సల్ట్‌లోని ఒక ఊళ్లో దళిత పెళ్లికొడుకు గుర్రం మీద పోతుంటే దిగమని బెదిరించి దింపారు. దింపినవాళ్లలో ఆడవాళ్లు కూడా ఉన్నారు. పెళ్లికొడుకు తండ్రి ఫిర్యాదు రాసిచ్చాడు, అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు కట్టారు. మా నాయన దిగినప్పుడు ఫిర్యాదు రాయగలిగినవాళ్లు మా వాడలో లేరు.