రాగిపళ్లెము వెనుకవైపు

కువైత్ నగరమందలి ముబారకియా బజారులో పాతసామానుల అంగడి ముందు నిలిచి, అంచు నల్లబారి నడుమ పూవు చెక్కిన చేతిపని రాగిపళ్లెము నొకదానిని చూపి, యిది యెచ్చటిదని యడిగినచో, అంగడివాడు కొనువాని వాలకమును బట్టి ఇస్ఫహాననియో, బాగ్దాదనియో, బొంబాయియనియో చెప్పును. ఈ మూడింటిలో నేదియు నసంభవము కాదు గనుక అతడు బొంకుచున్నాడనుటకును వీలులేదు. రాగిగని యన్నది లేని యా దేశమున ప్రతి రాగిపాత్రకును, కనీసము దాని లోహమునకు, మూలము సముద్రమున కావలనో, యెడారి కవతలనో ఉండితీరవలెను. పూర్వ మచ్చట సఫాఫీర్ బజారను కంచరులవీధి యుండెడిది. అందలి పనివారు పైనుండి వచ్చిన లోహమును సాగగొట్టి పాత్రలు చేయుటయు, పాతవానికి కళాయి పూయుటయు వృత్తిగా బ్రదికిరి. కావున నాలుగవ సమాధానము కువైతే కావచ్చును. దూరపు కొండల నునుపు తెలిసిన వర్తకుడు ఆ మాట చెప్పుట మాత్ర మరుదు.

రాగి యీ తీరమునకు వచ్చుట నేటి ముచ్చట కాదు. 1958 నుండి డెన్మార్కు పురాతత్త్వజ్ఞులు త్రవ్విన కువైత్ ఫైలకా ద్వీపమున దిల్మున్ నాగరికత నాటి జనపదము బయల్పడినది. ఆ దిల్మున్ వర్తకులే మగాన్, అనగా నేటి ఒమాన్, సీమ రాగిని మెసొపొటేమియాకు చేరవేసినవారు. క్రీ.పూ. 1750 ప్రాంతమున నన్ని యనువాడు ఏయా-నాసిర్ అను రాగివర్తకుని, నాసిసరుకు నంటగట్టితివని దులిపివేయుచు వ్రాయించిన మట్టిపలక ఊర్ నగరమున దొరకి, నేడు బ్రిటిష్ మ్యూజియమున నున్నది. చెడ్డ రాగిని అమ్మినవాని పేరు ముప్పదియేడు శతాబ్దములు నిలిచినది. ఆ కాలమున మంచి పాత్ర చేసిన కంచరి పేరు చెప్పుమన్న చెప్పగలవా రెవరు? 1946లో చమురు ఎగుమతి మొదలగువరకును కువైత్ ఓడలు ఖర్జూరముల నింపుకొని బొంబాయికిని మలబారునకును పోయి, కలపతోను బియ్యముతోను మరలి వచ్చెడివి. 1961 దాక అచ్చట చెల్లినది రూపాయియే. అట్టి రేవులో మన దేశపు పళ్లెము కనబడుట వింత కాదు.

పాత్రపై పేరున్నదికదా యని సంతోషింపరాదు. మన యిండ్లలో పుట్టింటివారు పెట్టిన బిందెపై చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు ఆ యింటి యాడుబిడ్డదే కాని కంచరిది కానట్లే, అరబ్బు, తుర్కీ దేశపు రాగిసామానుపై చెక్కిన పేరు చాలవరకు సొంతదారునిది. ‘సాహిబుహు’ అని మొదలైన నది యజమానిది. ‘అమల్’ అని మొదలైనచో పనివానిది. పనివాని పేరు దొరకినను ఊరు దొరకినట్లు కాదు. మోసుల్‌వాడనని వ్రాసికొన్న పనివారు పెక్కురు కలరు. కాని వెండి తాపిన యిత్తడిపనులలో మోసుల్‌లోనే చేయబడెనని స్పష్టముగ వ్రాయబడి మిగిలినది 1232 నాటి బ్లాకాస్ కూజా యొక్కటే. తక్కినవారిలో కొందరు డమాస్కస్‌కును కైరోకును పోయి, పుట్టినూరి పేరును వెంట తీసికొనిపోయిరి.

అందుచేత ఎరిగినవాడు పళ్లెమును బోర్లించి చూచును. కొట్టినకొలది బిరుసెక్కి, యెఱ్ఱగా కాల్చిన మరల మెత్తబడు లోహమగుటచే, సుత్తి కొకసారి, కొలిమి కొకసారి అప్పగింపబడిన రేకు అంతటను ఒకే మందమున నుండదు. వెలుగున కడ్డముగ పట్టినచో సుత్తిదెబ్బలు చిన్న చిన్న పల్లములై కనబడును. పూణే తాంబట్ ఆళీలోని కంచరుల మఠారుపనిలో ఆ పల్లములు వలయములు వలయములుగా వరుస తప్పక మెరయును. దెబ్బలు లేక సన్నని వలయరేఖలు మాత్రమున్నచో అది తిరుగుడు యంత్రమున నొత్తినదని శంకింపవలెను. నడిమి చుక్కనుబట్టి మాత్రము తీర్పు చెప్పరాదు, వృత్తలేఖిని ముల్లు చేతిపనివాడును గ్రుచ్చును. లోతైన పాత్రయైనచో అతుకు చూడవలెను: కొసలను పళ్లుగా కత్తిరించి, ఒకదానిలో నొకటి యిరికించి, వెలిగారముతో ఇత్తడి కరగించి కలిపిన చోట పసుపుపచ్చని రంపపు గీత యొకటి మిగులును.

అన్నిటికంటె నాకు నచ్చిన సాక్షి కళాయి. పులుసు తగిలిన రాగి చిలుమెక్కును గనుక, పాత్రను వేడిచేసి, నవాసాగరము చల్లి, తగరము పూయుదురు. అది యరిగిన మరల పూయుదురు. అక్షరపు గంట్లలో తగరము నిండియున్నచో ఆ వ్రాత కడపటి కళాయికంటె పాతది. గంటు తగరమును చీల్చుకొని యెఱ్ఱని రాగిని చూపుచున్నచో తరువాతిది. పైగా పందొమ్మిదవ శతాబ్ది చివర కైరో, డమాస్కస్ పనివారు మమ్లూకుల నాటి నగిషీల ననుకరించి యాత్రికుల కమ్మిరి. వానిపై నొక్కొక్కప్పుడు అక్షరములవలె కనబడు గీతలే కాని చదువుటకు మాట లుండవు.

కువైత్ వస్తువునకు ఇంకొక ప్రశ్న కూడ వేయవలసియున్నది: 1990లో ఎచ్చట నుండెను? ఆ యేట కువైత్‌ను ఆక్రమించిన ఇరాకీ సేన ‘దార్ అల్ ఆథార్ అల్ ఇస్లామియ్యా’ అను మ్యూజియపు సంగ్రహమును బాగ్దాదునకు తరలింపగా, యుద్ధానంతరము ఐక్యరాజ్యసమితి ద్వారా అందధికభాగము తిరిగివచ్చినది. జాబ్రియాలో 1980లో తెరచిన తారిక్ రజబ్ మ్యూజియము, ద్వారము కనబడకుండ గోడ కట్టివేయబడి దక్కినది. ఇండ్లనుండి పోయినవానికి మ్యూజియమునకువలె పట్టికలుండుట యరుదు.

ఇంతటి సాక్ష్యమును ఒక్క పూటలో తుడిచిపెట్టగల శక్తి మన చింతపండునకు కలదు. కడపనుండియో గోదావరీతీరమునుండియో కువైత్‌కు పోయినవారు సెలవునకు వచ్చుచు తెచ్చిన పళ్లెమును ఇంటివారు ఉప్పు, పులుసు వేసి తళతళలాడ తోముదురు. తోమదలచినచో ముందు వెనుకవైపు ఫోటో తీసి, అమ్మినవాని చీటీని దానితో నుంచుట మంచిది.