విపత్తు వేళ సామాజిక మాధ్యమాల సమాచారం

వరద, భూకంపం, తుపాను వచ్చినప్పుడు అక్కడున్నవారు సామాజిక మాధ్యమాల్లో పెట్టే రాతలు, ఫొటోలు, వీడియోలను సేకరించి, సరిచూసి సహాయ చర్యలకు వాడుకునే పద్ధతి ఇది. అధికారులు చేరుకోకముందే ఆ వీధిలోని పరిస్థితి బయటికి తెలియడం ఇందులోని మేలు. ఆ కబురు ఎప్పటిదో, ఎక్కడిదో తేలకపోతే మాత్రం సహాయ బృందాలు దారితప్పుతాయి.

2010 జనవరి 12న హైతీలో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, కెన్యాలో పుట్టిన ఉషాహిది వేదిక సాయంతో స్వచ్ఛంద సేవకులు ఎస్సెమ్మెస్‌లను, ట్వీట్లను పటం మీదికి ఎక్కించారు. క్రియోల్ భాషలో వచ్చిన సందేశాలను అనువదించడంలో విదేశాల్లోని హైతీయులు పెద్ద పాత్ర పోషించారు.

మన దేశంలో ఈ పద్ధతి సత్తా చాటింది 2015 చెన్నై వరదల్లో. డిసెంబరు 1న కుండపోతగా కురిసిన వానకు, చెంబరంబాక్కం జలాశయం నుంచి వదిలిన నీటికి అడయారు నది పొంగింది. చాలా పేటల్లో కరెంటు, ఫోన్లు పోయాయి. ‘చెన్నైరెయిన్స్‌హెల్ప్’ హ్యాష్‌ట్యాగ్ కింద పడవ కావాలని కొందరు, తమ ఇంట్లో చోటుందని మరికొందరు రాశారు. స్వచ్ఛంద సేవకులు వాటిని గూగుల్ షీట్లలోకి ఎక్కించి, ఫోన్ చేసి నిర్ధారించుకున్నారు. మునిగిన వీధులను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటంపై జనమే గుర్తించారు. ఈ ఓపికైన పనికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

చిక్కంతా ఫార్వర్డులతో వస్తుంది. ‘మేడ మీద ముసలమ్మ ఒక్కతే ఉంది’ వంటి సందేశం తేదీ, సమయం లేకుండా వాట్సాప్‌లో తిరుగుతుంటే, ఆమెను ఒడ్డుకు చేర్చాక కూడా అదే ఇంటికి మరో పడవ బయల్దేరవచ్చు. చెన్నైలో మొసళ్ల పార్కు నుంచి మొసళ్లు తప్పించుకున్నాయన్న పుకారు కూడా పాకింది. పార్కువాళ్లే దాన్ని ఖండించాల్సి వచ్చింది. 2018 కేరళ వరదల్లో ‘కేరళరెస్క్యూ’ వెబ్‌సైట్ సాయం కోరేవారి చిరునామా, ఫోన్ నంబరు వంటి వివరాలను విడివిడి గడుల్లో అడగడం మంచి మెరుగుదల.

అందరి గొంతూ ఇందులో సమానంగా వినబడదు. 2012 అక్టోబరులో న్యూయార్క్‌ను శాండీ తుపాను ముంచెత్తినప్పుడు ట్వీట్లు ఎక్కువగా వచ్చింది మాన్‌హాటన్ నుంచి; తీవ్రంగా నష్టపోయిన బ్రీజీ పాయింట్, రాకవే, కోనీ ఐలాండ్‌ల నుంచి చాలా తక్కువ. కరెంటు లేనిచోట ఫోను ఎంతోసేపు నిలవదు. కనుక పోస్టులను లెక్కపెట్టి నష్టాన్ని అంచనా వేయడం పొరపాటు.

వేదికే మూతపడితే ఉన్న ఆధారమూ పోతుంది. 2023 ఫిబ్రవరి 6 నాటి తుర్కియే భూకంపాల తర్వాత శిథిలాల కింద చిక్కుకున్నవారి చిరునామాలు ట్విటర్‌లో వస్తుండగానే, 8వ తేదీన ఆ దేశంలో దానిపై ఆంక్షలు పెట్టారు. మర్నాటికి ఎత్తేశారు.